బ్యాంకు ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ: మా అమ్మాయికి రాసిన ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పార్ట్ టైమ్ పీహెచ్‌డీకి సీటు వచ్చిందని, డ్వాక్రా సంఘాల రుణాల మీద చేద్దామనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరని ఉద్యోగంతో ఇది సాగుతుందా అని నీకు దిగులుగా ఉందట. సాగుతుందమ్మా. కాకపోతే ముందు నీకు దొరికే గంటలు లెక్కేసుకోవాలి, ఆ గంటల్లో పట్టే అంశాన్నే తీసుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. రోజంతా లైబ్రరీలో కూర్చునేవాళ్లకు సరిపోయే అంశాన్ని నెత్తికెత్తుకుని, టైము కోసం వెతుక్కుంటూ మూడో ఏడు వచ్చేసరికి చేతులెత్తేస్తారు.

లెక్క ఇలా వెయ్యి. పొద్దున ఐదు నుంచి ఆరుంబావు దాకా, నెలకు ఇరవై రోజులు కూర్చోగలిగితే ఇరవై ఐదు గంటలు. రెండో, నాలుగో శనివారాలు ఐదేసి గంటల చొప్పున పది. నాలుగు ఆదివారాలు, ఒక్కోదానికి మూడు గంటలైతే పన్నెండు. మొత్తం నలభై ఏడు. జ్వరాలు, పెళ్లిళ్లు, చుట్టాలు పోను నలభై అనుకో. మార్చి నెల పూర్తిగా వదిలెయ్. జూన్, సెప్టెంబరు, డిసెంబరు ఆఖరి పది రోజులూ వదిలెయ్. అంటే ఏడాదికి సుమారు పది నెలలు, నాలుగు వందల గంటలు. నాలుగేళ్లకు పదహారు వందలు. నీ థీసిస్ ఈ పదహారు వందల గంటల్లో ఇమడాలి. బ్యాంకు లెక్కలు ముగించే ఈ క్లోజింగ్ రోజుల్లో కూడా రాస్తానని ప్లాను వేసుకోకు. అది జరగదు. జరగలేదన్న బాధతో తర్వాతి పది రోజులూ పోతాయి.

నియమాలు నీకు అనుకూలంగానే ఉన్నాయి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు ఇవ్వొచ్చు. ఆడపిల్లలకు ఆ పైన ఇంకో రెండేళ్ల సడలింపు, అంటే మొత్తం పదేళ్లు మించకుండా. ప్రసూతి సెలవు 240 రోజుల వరకు ఇవ్వొచ్చు. పదేళ్లు ఉన్నాయి కదా అని ధీమా పడకు. డేటా పాతబడిపోతుంది, దాన్ని మళ్లీ సేకరించాల్సి వస్తుంది. నాలుగున్నరేళ్లు గురిపెట్టుకో, మిగిలింది ఆపద్ధర్మానికి ఉంచుకో.

పార్ట్ టైమ్ వాళ్లు బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చివ్వాలి. అందులో మూడు మాటలు ఉండాలి: పార్ట్ టైమ్‌గా చదవడానికి అనుమతి ఉందని, పరిశోధనకు తగినంత సమయం ఇవ్వడానికి నీ విధులు వీలిస్తాయని, అవసరమైతే కోర్సు వర్క్ (మొదట్లో పూర్తిచేయాల్సిన తరగతులు) కోసం రిలీవ్ చేస్తామని. మామూలు 'అభ్యంతరం లేదు' లెటరు ఇస్తే యూనివర్సిటీ వెనక్కి పంపుతుంది. నువ్వే డ్రాఫ్టు రాసి, ఆ మూడు మాటలూ పెట్టి, బ్రాంచి మేనేజరు ద్వారా పంపించు. కోర్సు వర్క్ పన్నెండు నుంచి పదహారు క్రెడిట్లు, 55 శాతం మార్కులు రావాలి. నీ పీఎల్ (ప్రివిలేజ్ లీవు) ఇప్పటినుంచే దాచుకో. దాన్ని మూడు చోట్లే ఖర్చు పెట్టు: కోర్సు వర్క్ పరీక్షలకు, ఊళ్లు తిరిగే రోజులకు, చివరి డ్రాఫ్టుకు.

గైడు ఎప్పుడు రిటైరవుతారో మొహమాటం లేకుండా కనుక్కో. సర్వీసు మూడేళ్ల లోపు మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదని నిబంధన. నాలుగేళ్లు మిగిలినవాళ్లు తీసుకోవచ్చు గానీ, నీది నాలుగున్నరేళ్ల పని. అలాంటప్పుడు కో-గైడుగా ఎవరుంటారో మొదట్లోనే రాయించుకుంటే మేలు. నీకు ట్రాన్స్‌ఫర్ ఎటూ తప్పదు. అందుకే ఫీల్డ్ వర్క్ ట్రాన్స్‌ఫర్‌కి ముందే ముగిసేలా చూసుకో. రాత పని ఏ ఊళ్లో ఉన్నా చేసుకోవచ్చు.

ఇక అంశం. 'ఆంధ్రప్రదేశ్‌లో స్వయం సహాయక సంఘాలు, మహిళా సాధికారత' అని పెట్టుకోకు. థీసిస్‌లు పెట్టే శోధగంగ వెబ్‌సైట్లో వెతికితే అలాంటి శీర్షికలు కుప్పలుగా కనిపిస్తాయి. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఈ సంఘాలను బ్యాంకులతో కలిపే పని 1992లో మొదలుపెట్టినప్పటినుంచీ అందరూ తవ్విన గనే అది. నువ్వు లోన్ కౌంటరులో కూర్చుంటావు కాబట్టి, బయటి స్కాలరుకు తట్టని ప్రశ్న నీకు తడుతుంది. సంఘం పేరున తీసుకున్న రుణం సభ్యుల మధ్య ఎలా పంచుకుంటున్నారు? సమానంగానా, అవసరాన్ని బట్టా? ఆ తేడా వాయిదాల మీద ఎలా పడుతుంది? ఒక జిల్లా, మూడు మండలాలు, ఒకే ప్రశ్న. అంతే చాలు.

జిల్లా అన్నాను కదా, అక్కడొక గుంట ఉంది. 2022 ఏప్రిల్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. బాపట్లలోకి పాత ప్రకాశం మండలాలు కూడా వచ్చి చేరాయి. 2018 గుంటూరు అంకెనీ 2023 గుంటూరు అంకెనీ పక్కపక్కన పెట్టి 'రుణాలు తగ్గాయి' అని రాస్తే వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో, మొదటి ప్రశ్నకే దొరికిపోతావు. బ్యాంకుల పేర్లతోనూ అదే చిక్కు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒకటయ్యాయి. పాత ఏళ్ల అంకెలు కావాలంటే మండలాల స్థాయికి దిగి కూడుకో. లేదా 2022 తర్వాతి ఏళ్లకే పరిమితమవు. నీ గంటలకు రెండోదే సరిపోతుంది.

శాంపిల్ దగ్గర, అంటే ఎంతమందిని అడగాలన్న చోట, చాలామంది మునుగుతారు. లక్షల్లో ఉన్న జనాభాకు 95 శాతం విశ్వాస స్థాయి, 5 శాతం తేడా తీసుకుంటే పట్టికలో 384 వస్తుంది. అరవై ప్రశ్నల ఫారం పట్టుకుని ఒక్కొక్కరితో ముప్పావుగంట కూర్చుంటే ఆదివారానికి ఎనిమిదిమందికి మించరు. నలభై ఎనిమిది ఆదివారాలు, ఏడాది గడిచిపోతుంది. అదే ఇరవై ఐదు ప్రశ్నలు చేసి ఇరవై నిమిషాల్లో ముగించు. మండలానికి ఎనిమిది ఊళ్లు, ఊరికి నాలుగు సంఘాలు, సంఘానికి నలుగురు. ఊరికి పదహారుమంది, ఇరవై నాలుగు ఊళ్లు, ఇరవై నాలుగు రోజులు. ఒకే సంఘంలో పదిమందినీ అడిగితే పని తేలికే గానీ, అందరూ దాదాపు ఒకే మాట చెబుతారు. అందుకని నలుగురితో ఆపు.

పల్నాడు వైపు వెళ్లేటట్టయితే జనవరి నుంచి మార్చి దాకా పెట్టుకోకు. మిరప కోతలకు వెళ్లిన ఆడవాళ్లు పొద్దుగూకితే గానీ ఇంటికి రారు, నీకూ అదే ఇయర్ ఎండింగ్. మే నుంచి ఆగస్టు దాకా, ఎండ ముదరకముందు పొద్దుట, మళ్లీ సాయంత్రం. గ్రామ సమాఖ్య సమావేశం ఏ రోజో ముందే సంఘాల వ్యవహారం చూసే వెలుగు ఆఫీసులో కనుక్కుని వెళితే నాలుగు సంఘాలవాళ్లూ ఒకచోట దొరుకుతారు. అయితే సమాఖ్య పనులు చూసే వీవోఏని పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడగకు. ఆమె ముందు ఎవరూ నిజం చెప్పరు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మీ బ్రాంచి ఖాతాదారులను నీ శాంపిల్‌లోకి తీసుకోవద్దు. నిన్ను బ్యాంకు మేడమ్‌గా ఎరిగినవాళ్లు, వచ్చే రుణం ఆగిపోతుందేమోనన్న భయంతో 'వాయిదాలన్నీ సరిగ్గా కడుతున్నామమ్మా' అంటారు. నీ డేటా మొత్తం తప్పుడుదవుతుంది. బ్రాంచి సిస్టంలో కనిపించే ఖాతా వివరాలు ఒక్కటి కూడా థీసిస్‌లోకి రాకూడదు. పేర్లు తీసేసినా రాకూడదు. అది ఖాతాదారు నమ్మకం మీద దెబ్బ, నీ ఉద్యోగానికీ ముప్పు. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ (ఎస్‌ఎల్‌బీసీ) వాళ్లు మూడు నెలలకోసారి పెట్టే అజెండా పుస్తకాలు, నాబార్డు మైక్రోఫైనాన్స్ వార్షిక నివేదికలు అందరికీ అందుబాటులో ఉంటాయి. అవి చాలు.

ప్రశ్నలు తెలుగులోనే అడగాలి. ఇంగ్లిషులో తయారుచేసిన ఫారాన్ని తెలుగు చేశాక, మూలం చూడని ఇంకొకరితో మళ్లీ ఇంగ్లిషులోకి మార్పించి పోల్చి చూడు. ముప్పైమందితో ముందుగా ఒక పైలట్ చెయ్. తడబడిన ప్రశ్నలన్నీ అక్కడే బయటపడతాయి. ఆ ముప్పైమందినీ 384లో కలపకు. సిగ్నల్ లేని ఊళ్లకు కోబో లాంటి ఉచిత యాప్ ఫోనులో పెట్టుకుంటే, జవాబులు అక్కడే నమోదై ఇంటికొచ్చాక అప్‌లోడ్ అవుతాయి. కాగితాల నుంచి ఎక్సెల్‌లోకి ఎక్కించే పనిలో పోయే నెల మిగులుతుంది.

చదివే పనికి పెద్ద పథకం అక్కర్లేదు. అరవై మంచి పేపర్లు ఎంచుకుని, ప్రతిదానికీ ఎక్సెల్‌లో ఒక వరుస పెట్టు: ఎక్కడ చేశారు, ఎంతమందిని అడిగారు, ఏ పద్ధతి, ఏం తేలింది, ఏది వదిలేశారు. కామర్స్ థీసిస్‌లలో రెండో అధ్యాయం 'ఫలానావారు, ఫలానా సంవత్సరం' అంటూ అబ్‌స్ట్రాక్టుల వరుసగా మారిపోతుంది. ఇతరుల రాతలతో పోలిక శాతం పెరిగేది కూడా అక్కడే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉండాలి. 10 నుంచి 40 మధ్య వస్తే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి, 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ప్రతి అధ్యాయం పూర్తికాగానే లైబ్రరీలో చెక్ చేయించు, ఆఖరి వారానికి అట్టే పెట్టకు. రిఫరెన్సులు మొదటి రోజునుంచే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో పెట్టు. చేత్తో టైపు చేసిన రెండు వందల రిఫరెన్సులు సరిచేయడానికి నీ దగ్గర గంటలు లేవు.

పొద్దుటి గంటంబావు రాయడానికి మాత్రమే. మెయిల్ తెరవకు, పేపర్లు వెతకకు, మార్జిన్లు దిద్దకు. అవన్నీ బ్యాంకు నుంచి అలిసివచ్చాక చేయదగ్గ పనులు. లేచేముందు రేపు మొదట రాయాల్సిన వాక్యం ఏమిటో తెలుగులోనే కాగితం మీద రాసిపెట్టు. లేకపోతే మర్నాడు 'ఎక్కడిదాకా వచ్చాం' అని వెతుక్కోవడానికే పావుగంట పోతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో థీసిస్ పెట్టకు. సొంత ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్, ఒక క్లౌడ్ ఖాతా, మూడు చోట్లా ఫైలు పేరులో తేదీ ఉండాలి.

గైడు దగ్గరకు ఖాళీ చేతులతో వెళ్లకు. నెలకోసారి ఐదు పేజీలు, వారం ముందే పంపించు. గైడును కలిసిన సాయంత్రమే, మాట్లాడుకున్నవి నాలుగు లైన్లలో మెయిల్ పెట్టు. ఆరు నెలలకోసారి జరిగే పరిశోధన సలహా సంఘం ముందు ఆ మెయిళ్లే నీకు ఆధారం. పేపరు మూడు రోజుల్లో అచ్చేస్తాం, థీసిస్ రాసిపెడతాం అని వాట్సాప్‌లో వచ్చేవాళ్ల జోలికి అసలు పోవద్దు తల్లీ. వైవాలో వాళ్లు నీ పక్కన కూర్చోరు.

మీ అత్తగారితో, అల్లుడితో కూడా గంటల్లోనే మాట్లాడు. 'కాస్త సహకరించండి' అంటే ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు. 'నాలుగో శనివారం తొమ్మిది నుంచి రెండు దాకా బాబును మీరు చూసుకోండి' అంటే చూసుకుంటారు.

రెండో శనివారం లోపు నీ ప్రశ్న, మూడు మండలాల పేర్లు, ఇరవై ఐదు ప్రశ్నల చిత్తుప్రతి ఒక్క కాగితం మీద రాసి పంపించు. ఎర్ర ఇంకుతో దిద్ది ఆ వారంలోనే తిప్పి పంపిస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న