వసతి గృహం చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

హనుమకొండలో మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే మీ వసతి గృహం చరిత్ర రాసే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. అటువంటి మరొక గృహంలో చాలాకాలం వార్డెన్‌గా పనిచేసినవాణ్ని కనుక కొన్ని మాటలు చెబుతాను.

ముందుగా నీ చేతికి శిలాఫలకం ఫొటో, దాతల జాబితా ఇస్తారు. వాటికి ఒక పేజీ చాలు. నువ్వు మొదలుపెట్టవలసింది ప్రవేశ రిజిస్టర్‌తో. గృహాన్ని నడిపే సంఘం 2001కు ముందు రిజిస్టరై ఉంటే ధ్రువపత్రం మీద 1350 ఫస్లీ (నిజాం కాలంలో వాడిన సంవత్సరాల లెక్క) నాటి చట్టం పేరు కనిపిస్తుంది. అది 1940-41 ప్రాంతపు చట్టమే తప్ప మీ గృహం పుట్టిన సంవత్సరం కాదు. చిరునామాలో జిల్లా పేరు కూడా 2016 వరకు వరంగల్ అనీ, తర్వాత వరంగల్ అర్బన్ అనీ, 2021 నుంచి హనుమకొండ అనీ మారుతుంది. గృహమే తరలిపోయిందని పొరపడకు.

పాత దరఖాస్తుల్లో ‘మందబుద్ధి’, ‘పిచ్చి’ వంటి మాటలు ఎదురవుతాయి. 1912 నాటి చట్టం ఈ పిల్లలను ఉన్మాదులతో ఒకే గాటన కట్టింది. 1987 చట్టం మానసిక రోగుల నిర్వచనం నుంచి వీరిని మినహాయించింది. 1995లో బుద్ధిమాంద్యం వైకల్యాలలో ఒకటిగా చేరింది. 2016 చట్టం మేధో వైకల్యం అన్నది. పాత మాటను సంవత్సరంతో సహా ఉటంకించు, దిద్దకు. నీ వాక్యంలో మాత్రం నేటి మాటనే వాడు. సికింద్రాబాద్‌లో 1984లో ఇలాంటివారి కోసం జాతీయ సంస్థ ఏర్పడింది కదా, ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన మొదటి టీచర్ మీ దగ్గర ఎప్పుడు చేరారో, ఆ తర్వాత పిల్లల దినచర్య ఏమైనా మారిందో వెతుకు.

ఆయాలను తప్పక కలువు. చరిత్ర చెప్పమంటే వాళ్లు నోరు విప్పరు. రాత్రి ఫిట్స్ వస్తే ఏం చేసేవారు, అన్నం ఎవరికి కలిపి పెట్టవలసి వచ్చేది, దసరా సెలవుల్లో ఇంటికి వెళ్లకుండా మిగిలిపోయిన పిల్లలెవరు అని అడిగితే సాయంత్రం దాకా చెబుతారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. వరుసగా రెండు దసరాలకు ఎవరూ రాని ఒక అబ్బాయి పేరు ఎదుట, తల్లిదండ్రులు పట్టించుకోవడం లేదని రాశాను. వాళ్లు మగ్గం పని దొరక్క భివండీ వెళ్లిపోయారనీ, అక్కడి పవర్‌లూమ్ పని వదిలి వస్తే ఆ వారం కూలి పోతుందనీ చాలాకాలం తర్వాత తండ్రి వచ్చి చెబితే తెలిసింది. రిజిస్టర్‌లో నా వాక్యం అలాగే ఉంది. అందుచేత ఏ కుటుంబం గురించైనా వార్డెన్ రాసిన ఒక్క ముక్కను పట్టుకుని తీర్పు చెప్పకు. నాలాంటివాళ్ల అవివేకం వాటిలో చాలానే ఉంటుంది.

పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఎక్కడికి వెళ్లారన్నది మీ గృహం కమిటీ అడగదు, నువ్వు అడుగు. ఇంటికి వెళ్లినవారెందరు, మరో గృహానికి మారినవారెందరు, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఆధ్వర్యంలోని కమిటీ ఎవరికైనా సంరక్షకులను నియమించిందా, ఆచూకీ తెలియనివారెందరు అన్నది లెక్క తీసి ఉన్నదున్నట్టు అచ్చు వెయ్యి. పిల్లల పేర్లు, ఊళ్లు మాత్రం రాయవద్దు. ఊరు చెబితే మన వైపు పేరు చెప్పినట్టే.

మొదటి రిజిస్టర్ కుట్లు ఊడి ఉంటాయి. దాన్ని జిరాక్స్‌కు ఇవ్వకుండా, కిటికీ దగ్గర పెట్టి ఫోన్‌తో పేజీ తర్వాత పేజీ ఫొటో తీయించు. చేతిరాత అర్థంకాని పేజీలు పక్కన పెట్టు, బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు చదివిపెడతాను.

మీ మామయ్య