పెన్సిల్ గుచ్చుకున్న చోట నల్ల చుక్క... తవ్వి తీయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి పదకొండేళ్లు. రెండేళ్ల కిందట బడిలో పక్క పిల్లాడి చేతిలో ఉన్న పెన్సిల్ దీని అరచేతిలో గుచ్చుకుని మొన విరిగింది. గాయం మానింది గానీ ఆవగింజంత చుక్క నీలంగా, నల్లగా అలాగే ఉండిపోయింది. నొప్పేమీ లేదు. సీసం ఒంట్లోకి పాకుతుందని, సూదితో తవ్వి తీసేయాలని మా అత్తగారు పట్టుబడుతున్నారు. మావారు వడ్రంగి పని చేస్తారు. నాలుగు నెలల కిందట ఉలి జారి ముంజేయి తెగితే కుట్లు వేశారు. ఆ గీత ఇప్పుడు ఎర్రగా ఉబ్బి ఒకటే దురద. ఈ రెండూ పోయే మార్గం చెప్పగలరా?
– ఒక సోదరి, తణుకు

జవాబు: ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండమ్మా. పెన్సిల్ పుల్లలో సీసం ఉండదు. గ్రాఫైట్ పొడిని బంకమన్నుతో కలిపి, కాల్చి ఆ పుల్ల తయారుచేస్తారు. 1795లో ఫ్రాన్స్‌లో కాంటే అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. గ్రాఫైట్ అంటే ఒక రకం కర్బనం. అది ఒంట్లో కరగదు, రక్తంలో కలవదు, విషం కాదు. ఒకప్పుడు పెన్సిల్ కర్ర మీద పూసే రంగులో సీసం వాడేవారు. పెద్దవాళ్ల భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు గానీ, మీ పాప చేతిలో ఉన్నదానికి ఆ భయం అక్కర్లేదు.

మరి రెండేళ్లయినా ఎందుకు పోలేదు? మన చర్మం పైపొర ఇంచుమించు నెలకోసారి రాలిపోయి కొత్తది వస్తుంది. చేతి మీద పెన్నుతో గీసుకున్న గీతలు నిలవకపోవడానికి కారణం ఇదే. పెన్సిల్ మొన మాత్రం ఆ పొర దాటి కింది పొరలో దిగింది. అక్కడి రక్షణ కణాలు ఆ నల్ల రేణువుల్ని మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. మింగిన కణం చనిపోతే పక్కనున్న ఇంకో కణం మళ్లీ వాటిని పట్టుకుంటుంది. పచ్చబొట్టు జీవితాంతం ఉండేదీ ఇలాగే. లోతులో ఉన్న నలుపు పైకి నీలంగా కనిపించడం కూడా సహజమే. ఎర్రటి కాంతి లోపలిదాకా వెళ్లి ఆ రేణువుల దగ్గర ఆగిపోతుంది, నీలం కాంతి పైపైనే చెదిరి మన కంటికి చేరుతుంది. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల గాయాలు నీలం గీతలుగా మానేదీ, బైకు మీంచి పడ్డవాళ్ల మోచేతుల్లో తారు చుక్కలు మిగిలిపోయేదీ ఇందుకే.

సూదితో తవ్వడం మాత్రం వద్దు. రేణువులు ఒక్కచోట ముద్దగా ఉండవు, చుట్టూ కణజాలంలో అంటుకుని ఉంటాయి. తవ్వితే చుక్క అలాగే ఉంటుంది, దానికి తోడు చీము పడుతుంది, లేదంటే గట్టి మచ్చ మిగులుతుంది. అరచేతిలో గట్టి మచ్చ ఏర్పడితే పెన్ను పట్టుకున్న ప్రతిసారీ ఒరుసుకుంటుంది. ఇప్పుడు నొప్పి లేని చుక్క కోసం ఆ బాధ తెచ్చిపెట్టకండి.

తీయించుకోవాలంటే దారులున్నాయి. ఒక్క చుక్కే కాబట్టి మత్తు ఇచ్చి, రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రటి బ్లేడుతో ఆ కాస్త చర్మాన్నీ తీసి కుట్టు వేయొచ్చు. లేదా ఆ నల్ల రేణువుల్ని కాంతితో చిన్న ముక్కలుగా పగలగొట్టే క్యూ-స్విచ్డ్ ఎన్డీ-యాగ్ లేజర్ ఉంది. మన చామనఛాయ చర్మానికి 1064 నానోమీటర్ల కాంతి మేలు. ఒక్కసారికి పోదు, ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో కొన్ని సిట్టింగులు పడతాయి. ఆ చోట కొన్నాళ్లు చర్మం నల్లబడటమో తెల్లబడటమో కూడా జరగొచ్చు. నన్నడిగితే పాప పెద్దదై, తనకే వద్దనిపిస్తే అప్పుడు చూద్దాం అంటాను. ఈ వయసులో మనం తొందరపడాల్సిన పని లేదు.

ఇక్కడ మిగతా పాఠకులకూ ఒక హెచ్చరిక. ముఖం మీద మచ్చ టపాసు పేలి పడిందైతే, లేజర్‌కి ముందే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. చర్మంలో మిగిలిన మందుగుండు రేణువులు లేజర్ తగలగానే లోపలే చిన్నగా పేలి గుంటలు పడేలా చేస్తాయి. దేనివల్ల పడ్డ మచ్చో తెలిస్తేనే సరైన వైద్యం ఎంచుకోగలం.

చుక్క ఉన్నట్టుండి పెరిగినా, గడ్డలా ఉబ్బినా, పుండుపడి రక్తం కారినా చూపించండి. గ్రాఫైట్ చుట్టూ ఏళ్ల తర్వాత గడ్డ కట్టడం అరుదుగా జరుగుతుంది. ఇంకొకటి, దెబ్బ తగిలిన గుర్తేమీ లేకుండా అరచేతిలోనో అరికాల్లోనో కొత్తగా నల్ల మచ్చ వచ్చి పెరుగుతుంటే ఆలస్యం చేయొద్దు. మనవాళ్లలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఎక్కువగా కనిపించే చోట్లు అవే.

అసలు ఇలాంటి మచ్చలు పడకుండా ఆపగలిగే సమయం గాయమైన మొదటి రోజే. మొన గుచ్చుకోగానే కుళాయి ధార కింద సబ్బుతో ఐదు నుంచి పది నిమిషాలు కడగాలి. పైకి కనిపించే ముక్కను శుభ్రమైన పట్టకారుతో తీయొచ్చు, లోపల ఉన్నదాన్ని కెలకొద్దు. రోడ్డు మీద పడి ఇసుక, తారు దిగితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. మత్తు ఇచ్చి బ్రష్‌తో రుద్ది కడిగితే అప్పుడే పోతాయి. గాయం మానిపోయాక ఆ అవకాశం ఉండదు. రక్తం ఆగాలని మన ఇళ్లలో కాఫీ పొడి అద్దుతారు. దయచేసి మానేయండి. దానివల్ల గాయం మురికవుతుంది, కడగడం కష్టమవుతుంది. సున్నం, టూత్‌పేస్ట్ కూడా వద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుంటే చాలు.

ప్రతి గీతకీ టీటీ సూది (ధనుర్వాతం టీకా) అవసరం లేదు. ఇప్పుడు దాని బదులు ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకీ పనిచేసే టీడీ ఇస్తున్నారు. జాతీయ టీకాల పట్టికలో పదేళ్ల వయసులో ఒకటి, పదహారేళ్ల వయసులో ఒకటి ఉంటాయి. మీ పాపకి మొదటిది పడిందో లేదో చూసుకోండి. టీకాలన్నీ వేయించుకున్నవాళ్లకి శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు పడి పదేళ్లు దాటినప్పుడు, మట్టి, తుప్పు పడిన గాయమైతే ఐదేళ్లు దాటినప్పుడు మళ్లీ వేయించుకోవాలి.

పనిముట్లతో పనిచేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. గాయం పైకి చిన్నదైతే లోపల కూడా చిన్నదే అనుకోవడానికి లేదు. స్క్రూడ్రైవర్ దిగిన వేలు మర్నాటికి మొత్తం వాచి, చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి పెడితే వేలిని కదిలించే స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) చుట్టూ ఉన్న పొరలో చీము చేరుతోందని అర్థం. ఆ రోజే ఆస్పత్రిలో చేరాలి. గ్రీజు గన్, పెయింట్ స్ప్రే ఒత్తిడికి వేలికి సూది మొనంత రంధ్రం పడినా, నొప్పి లేకపోయినా అత్యవసరమే. లోపలికి దూసుకుపోయిన గ్రీజు కొన్ని గంటల్లో వేలినే పాడుచేయగలదు. పెన్ను, పెన్సిల్ కంట్లో గుచ్చుకుంటే కడగొద్దు, నలపొద్దు. కంటిని ఏదీ ఒత్తకుండా చూసుకుంటూ నేరుగా కంటి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక మీవారి సంగతి. ఉబ్బు కోత గీత మేరకే ఉందా, దాన్ని దాటి పక్క చర్మంలోకి పాకుతోందా చూడండి. గీత మేరకే ఉంటే చాలావరకు ఏడాది, ఏడాదిన్నరలో దానంతటదే మెత్తబడుతుంది. పక్కకి పాకితే అది కీలాయిడ్, తనంతట తాను తగ్గడం అరుదు. ప్రస్తుతానికి సిలికాన్ జెల్ షీటు రోజుకి కనీసం పన్నెండు గంటలు, రెండు మూడు నెలలు అంటించుకోమనండి. పనిలో చెమటకి ఊడిపోతుంది కాబట్టి సాయంత్రం స్నానం చేశాక అంటించుకుని పొద్దున తీసేస్తే సరిపోతుంది. ఎండలోకి వెళ్లేటప్పుడు పొడవు చేతుల చొక్కా వేసుకోవాలి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీములు రాయొద్దు, చుట్టూ ఉన్న మంచి చర్మం పల్చబడుతుంది. దురద తగ్గకపోయినా, ఉబ్బు పెరుగుతున్నా చర్మ డాక్టర్‌కి చూపించండి. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మచ్చలోకే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. దురద సాధారణంగా మొదటి ఒకటి రెండు డోసులకే తగ్గుతుంది, ఉబ్బు దిగడానికి ఇంకొన్ని పడతాయి. షుగర్ ఉంటే ఆ సంగతి ముందే చెప్పమనండి.