ఉద్యోగంలో చేరి ఏడాది కాకముందే మానేస్తానంటున్నాడు, మా పెంపకంలోనే లోపమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ అబ్బాయి బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. ఎనిమిది నెలలకే "ఇక్కడ నన్నెవరూ పట్టించుకోవట్లేదు, మానేస్తా" అంటున్నాడు. ఈ తరానికి ఓపిక లేదా, లేక మేమే గారాబం చేసి చెడగొట్టామా అని అడిగారు.

నేను మాదాపూర్‌లో ఒక ఓ మోస్తరు కంపెనీలో పనిచేస్తున్నాను. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్ళకి మొదటి ఏడాది పని నేర్పించే బాధ్యత చాలాకాలంగా నాదే. మీ అబ్బాయి అన్నమాట ప్రతి బ్యాచ్‌లోనూ వింటాను.

ముందు ఓపిక సంగతి. ఇంటర్ రెండేళ్ళూ విజయవాడలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో ఉండి, తెల్లారుజామునే లేచి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లలో కూర్చున్న పిల్లలకి ఓపిక లేదంటే నేనొప్పుకోను. ఆ వయసులో మనల్ని అలా కూర్చోబెడితే సగంమందిమి గోడ దూకేవాళ్ళం. వీళ్ళకి లేనిది మార్కు పడకుండా పనిచేసే అలవాటు. అక్కడ వారం వారం పరీక్ష, వెంటనే నోటీసు బోర్డు మీద ర్యాంకులు, ర్యాంకుని బట్టి సెక్షన్ మార్పు, ఇంటికి మెసేజ్. నువ్వెక్కడున్నావో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆఫీసులో అప్రైజల్, అంటే పనితీరు లెక్కగట్టడం, ఏడాదికోసారి. మధ్యలో మేనేజర్ ఏమీ అనకపోతే, పని బానే జరుగుతోందని మా లెక్క. ఆ కుర్రాడి లెక్కలో మాత్రం తనని ఎవరూ చూడట్లేదని. మీ అబ్బాయి బాధ కూడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

తెలియదని చెప్పలేకపోవడం కూడా అక్కడినుంచే వస్తుంది. మా టీమ్‌లో ఒకబ్బాయి సర్వర్‌లోకి వెళ్ళే పర్మిషన్ లేక దాదాపు వారం ఊరికే కూర్చున్నాడు. పక్క సీట్లో అడిగితే పది నిమిషాల పని. ఎందుకు అడగలేదంటే, "అడిగితే నాకేమీ రాదనుకుంటారేమోనని మేడమ్" అన్నాడు. డౌట్ అడిగినవాణ్ణి క్లాసులో నవ్వులపాలు చేస్తే, ఉద్యోగంలో దాని ఫలితం ఇలా ఉంటుంది.

ఇక ఇంటి సంగతి. "నువ్వు చదువుకో నాన్నా, అదొక్కటి చాలు, మిగతావి మేం చూసుకుంటాం" అనని ఇల్లు మనలో ఎన్ని ఉంటాయి చెప్పండి? తిన్న కంచం కూడా తియ్యనివ్వం. ప్రేమతోనే చేస్తాం, కాదనను. కానీ అలా పెరిగినవాడికి చదువు ఒకటి, పని ఒకటి అయిపోతాయి. పని చెయ్యకుండా ఉండటానికే చదివాననిపిస్తుంది. టెస్టింగ్ చెయ్యమన్నా, డాక్యుమెంట్ రాయమన్నా "దీనికోసమా నేను ఇంజనీరింగ్ చదివింది" అని మొహం ముడుచుకుంటాడు.

ఇదంతా హాస్టళ్ళ మీదకి నెట్టేస్తున్నాననుకోకండి. 1971లో పి.వి. నరసింహారావుగారు అప్పటి నల్గొండ జిల్లా సర్వేలులో గురుకులం పెట్టించారు. అదీ హాస్టలే. కానీ గురుకులాల్లో చదివిన నా సహోద్యోగులు బట్టలు తామే ఉతుక్కుని, గదులు తామే ఊడ్చుకుని పెరిగామని చెబుతారు. వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ మీటింగ్ అయ్యాక కుర్చీలు సర్దిగానీ బయటికి రాడు. మేనేజరే లెండి.

నాది తెనాలి. మా నాన్నకి బట్టల కొట్టుండేది. సాయంత్రాలు కొట్లో కూర్చోవడం అన్నయ్యకీ నాకూ తప్పేది కాదు. చీరలన్నీ విప్పించి, "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోయేవాళ్ళకి నవ్వుతూ మంచినీళ్ళివ్వడం అక్కడే వచ్చింది. కానీ ఇంటికొచ్చాక అన్నయ్య మంచమెక్కితే నేను వంటింట్లోకి. ఈ తేడా ఆఫీసులో బాగా కనబడుతుంది. మీటింగ్‌లో నోట్స్ రాసేదీ, కొత్తగా చేరినవాళ్ళకి ల్యాప్‌టాప్ వచ్చిందో లేదో చూసేదీ, ఎవరి పుట్టినరోజుకైనా కేక్ తెప్పించేదీ ఎక్కువగా అమ్మాయిలే. అప్రైజల్లో అవేవీ లెక్కలోకి రావు. జీతం ఇంకొంచెం పెంచండని గట్టిగా అడిగేది మాత్రం ఎక్కువగా అబ్బాయిలు. పని నేర్పిన పెంపకం నోరు తెరిచి అడగడం నేర్పలేదు ఈ అమ్మాయిలకి. మీకు ఆడపిల్ల కూడా ఉంటే ఇది గమనించండి.

పెంపకం ముద్ర పడితే ఇక పోదా అంటే, పోతుంది. ఇంట్లో గ్లాసు కడగని పిల్లలే అమెరికా వెళ్ళాక యూనివర్సిటీ డైనింగ్ హాల్లో గిన్నెలు తోముతారు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచెయ్యనిస్తారు కాబట్టి, ఆ గంటల కోసం పోటీపడతారు కూడా. అక్కడ చూసేవాళ్ళలో చుట్టాలుండరు. నామోషీ అనిపించేది పనివల్ల కాదు, ఎవరో ఏదో అనుకుంటారనే.

ఒక విషయంలో మాత్రం నేను పూర్తిగా మీవాడి పక్షమే. పదిహేనేళ్ళ కిందట పెద్ద ఐటీ సర్వీసు కంపెనీల్లో కొత్తవాళ్ళకి ఏడాదికి 3 లక్షల చిల్లర ఇచ్చేవారు. ఇప్పటికీ చాలాచోట్ల 3.5 లక్షలకి అటూ ఇటూనే. పీజీ హాస్టల్ అద్దెలు మాత్రం ఆగలేదు కదండీ. పైగా కాలేజీ హోర్డింగుల మీద లక్షల ప్యాకేజీలు చూసి పెరిగినవాడు. ఆశ వాడికి వాడే పెట్టుకోలేదు, మనమంతా కలిసి పెట్టాం.

చెయ్యాల్సింది ఏమిటంటే, ముందు వాడు బెంచ్ మీద ఉన్నాడేమో కనుక్కోండి. ప్రాజెక్టు ఇవ్వకుండా నెలల తరబడి కూర్చోబెడితే వాడి ఫిర్యాదు అక్షరాలా నిజం, అందులో మీ పెంపకం ప్రమేయమేమీ లేదు. ప్రాజెక్టులో ఉంటే, రెండు వారాలకోసారి పావుగంట టైమ్ ఇమ్మని మేనేజర్‌నే అడగమనండి. "నేనేం బాగా చేస్తున్నాను, ఏం మార్చుకోవాలి" అన్న రెండు ప్రశ్నలు చాలు. మా దగ్గర ఇలా అడిగినవాళ్ళని ఎవరూ కసరలేదు. మీరు మాత్రం మేనేజర్‌కి ఫోన్ చెయ్యకండి. చేసేవాళ్ళున్నారు, తర్వాత ఆ పిల్లలు ఆఫీసులో తలెత్తుకోలేరు. ఎడ్యుకేషన్ లోన్ ఎంత మిగిలుందో, నెలకి ఎంత కడుతున్నారో వాడికి దాచకుండా చెప్పండి. టెన్షన్ పడతాడని చాలా ఇళ్ళల్లో చెప్పరు, ఆ లెక్క తెలియకుండానే పిల్లలు నిర్ణయాలు తీసుకుంటారు.

అప్పటికీ మానేస్తానంటే మాననివ్వండి, కానీ వేరే ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా పెట్టమనండి. చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో బాండ్ ఉందా, మధ్యలో వెళ్తే ఎంత కట్టాలి, నోటీస్ పీరియడ్ (రాజీనామా పెట్టాక ఇంకా పనిచెయ్యాల్సిన కాలం) ఎన్నాళ్ళు అన్నది ముందే చదవాలి. మూడు నెలల నోటీసైతే కొత్త కంపెనీ అన్నాళ్ళు ఆగుతుందో లేదో అడిగి, మెయిల్లో రాయించుకోవాలి.