ఐసు కరిగిన సంగతి

చిట్టీ,

సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేస్తున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ముందు సంతోషంతో నిద్ర పట్టలేదు, తర్వాత దిగులుతో. మన ఇంట్లో నా తర్వాత ఫిజిక్స్ పట్టుకున్నదానివి నువ్వే.

రికమెండేషన్ లెటర్ కోసం మీ మేడమ్‌ని ఇప్పుడే అడుగు. "ఫిజిక్స్ అంటే ప్రాణం" అని రాయకు, ఏ ప్రశ్న తేలక బుర్ర తినేస్తోందో అది రాయి. ముంబైలో టాటా వాళ్ళ పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌కీ, బెంగళూరులో జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన సెంటర్‌కీ అప్లికేషన్ విడిగా పెట్టాలి, అర్హతలు చూసుకో. ఊరు దాటి పంపనని నాన్న అంటే నేను మాట్లాడతాను.

ఇక నా భయం. నీ వయసులో నాకూ ఒక ల్యాబ్‌లో రెండు నెలల పని దొరికింది. వేడిని బట్టి లోహపు తీగ రెసిస్టెన్స్ ఎలా మారుతుందో కొలవాలి. వేడి కొలిచేది థర్మోకపుల్, అంటే రెండు రకాల లోహపు తీగల జత, రెండు కొసల మధ్య వేడి తేడాని వోల్టేజీగా చూపిస్తుంది. దాని ఒక కొస నేను కొలిచే తీగ దగ్గర, రెండోది ఫ్లాస్కులో ఐసులో, సున్నా డిగ్రీల దగ్గర. మే నెల హైదరాబాద్! పొద్దున వేసిన ఐసు మధ్యాహ్నానికి నీళ్ళయ్యేది. నాది కాపర్-కాన్‌స్టంటన్ జత, డిగ్రీ తేడాకి దాదాపు 40 మైక్రోవోల్టులు ఇస్తుంది. ఆ నీళ్ళు పది డిగ్రీలెక్కితే తీగ పది డిగ్రీలు చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది.

రెండో రోజే మూత తీసి చూశాను. ఒక్క ఐసు ముక్క లేదు. గైడ్ గది తలుపు దాకా వెళ్ళి, "ఈమాత్రం తెలీదా" అంటారని వెనక్కి వచ్చేశాను. పంతొమ్మిది రోజులు అలాగే రీడింగులు రాశాను. గ్రాఫు గీస్తే పొద్దుటిదొక గీత, మధ్యాహ్నానిదొక గీత. ఆయన కోప్పడలేదు. "మొదటి రోజే చెబితే గంటకోసారి ఐసు మార్చేవాళ్ళం కదమ్మా" అన్నారు. ఇంటికొచ్చి మా అమ్మ ఒళ్ళో ఏడుస్తుంటే, ఎనిమిదో క్లాసు చదివే మీ నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు.

నీదీ నా పోలికే. మొన్న సంక్రాంతికి స్టవ్ అంటుకోకపోతే అరగంట కుస్తీ పట్టావు గానీ, పక్క గదిలో ఉన్న నన్ను పిలిచావా? మొండిదానా! అక్కడ అలా చేయకు తల్లీ. తెలియనిది అదే రోజు అడుగు. నోట్‌బుక్‌లో తేదీ, టైము వెయ్యి. తప్పు రీడింగుని చెరపకు, ఒక్క గీత కొట్టి వదిలెయ్.

నా రికార్డు బుక్ ఇంకా అటక మీదే ఉంది. ఆదివారం రా, ఆ రెండు గీతలూ చూపిస్తాను. పులిహోర చేస్తాను.

నీ అత్తయ్య