మేట్రిక్స్ మూడో భాగం చివర్లో జరిగింది సెటిల్మెంట్, అందుకే జనానికి నచ్చలేదు

"మేట్రిక్స్ మొదటి సినిమా అద్భుతం, రెండోది ఫర్వాలేదు, మూడోది రివల్యూషన్స్ మాత్రం ఎందుకంత నిరాశపరిచింది? ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే నచ్చే అవకాశం ఉందా? నాలుగోది కూడా చూడాలా?" అని అడిగారు కదా. నచ్చుతుంది. కాకపోతే ఒక్క షరతు, యుద్ధం సినిమా అనుకుని కూర్చోకండి. అది బేరసారాల సినిమా. మూడు భాగాల్లోనూ కథ గురించి నిజంగా ఆలోచించి రాసిన ముగింపు దానిదే అని నా గట్టి నమ్మకం, ఎవరితోనైనా వాదిస్తాను.

జనం కోపం ఎక్కడ మొదలైందో ముందు చెబుతాను. మనుషులని పవర్ ప్లాంటులో బ్యాటరీల్లా తగిలించి, మేట్రిక్స్ అనే కలలోకంలో నిద్రపుచ్చిన మిషన్ల మీద హీరో నియో తిరగబడడం ఈ కథ. 1999లో వచ్చిన మొదటి భాగం చివర్లో నియో ఫోన్ పట్టుకుని, మీరు లేని లోకం ఎలా ఉంటుందో ఈ జనానికి చూపిస్తాను అని మిషన్లకే చెప్పి ఆకాశంలోకి ఎగిరిపోతాడు. దాన్ని చూసిన ఎవడైనా ఏమనుకుంటాడు? ఇంక మిషన్ల పని అయిపోయింది, మనుషులందరూ నిద్ర లేస్తారు, ఆ పవర్ ప్లాంటు కూలిపోతుంది, అంతే కదా. ఆ ఆశతోనే 2003 మేలో రెండో భాగానికి ఎగబడ్డారు. అదే ఏడాది నవంబర్ 5న చాలా దేశాల్లో ఒకే సమయానికి మూడోది విడుదల చేశారు. రెండోది ప్రపంచమంతా కలిపి దాదాపు 74 కోట్ల డాలర్లు వసూలు చేస్తే మూడోది 42 కోట్ల చిల్లర దగ్గర ఆగిపోయింది. రెండూ కలిపి తీసినవే, అదే హీరో, అదే విలన్, మధ్యలో ఆరు నెలలు కూడా లేవు. చూసి బయటికొచ్చినవాళ్ళు "ఏముంది, చివరికి రాజీ పడిపోయాడు" అని చెప్పుకున్నారు, ఆ మాట పాకింది. నేను సినిమా చూసిన హాల్లోనూ మెట్లు దిగుతూ అందరిదీ ఇదే గొడవ.

ఆ హాలు సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషు సినిమాకి ఇంటర్వెల్ అనేది ఉండదు, మన దగ్గర హాలువాళ్ళే ఎక్కడో ఒకచోట కోస్తారు. నేను చూసినచోట, మేట్రిక్స్ బయట భూమి లోపల మనుషులకి మిగిలిన ఒకే ఒక్క ఊరు జయాన్ ముట్టడి మధ్యలో కోశారు. మిషన్లు పైకప్పు తొలుచుకుని లోపలికి వరదలా వచ్చి పడుతుంటే ఠక్కున లైట్లు వేసి సమోసాలు అమ్మారు. మళ్ళీ మొదలయ్యేసరికి సగంమంది లోపలికి రాలేదు, వచ్చినవాళ్ళు సీటు నంబర్లు వెతుక్కుంటున్నారు. దర్శకులు ఊపిరి బిగబట్టి చూడమని తీసిన భాగాన్ని అలా రెండు ముక్కలు చేసి చూపించి, తర్వాత "సాగదీశారు" అంటే ఎలా? ఇప్పటికీ ఈ పద్ధతి మారలేదు, దీని గురించి ఎవరూ గట్టిగా అడగరు కూడా.

సరే, అసలు విషయం. ఈ సినిమాని సరిగ్గా అర్థం చేసుకున్న మనిషి నాకు తెలిసినంతలో ఒక్కరే, మా నాన్న. ఆయనకి సైన్స్ ఫిక్షన్ అంటే ఏంటో పట్టదు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు, చాలా ఏళ్ళు యూనియన్ కమిటీలో ఉన్నారు. పోయినేడాది మోకాళ్ళ నొప్పుల వైద్యానికి హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. ఓ మధ్యాహ్నం నేను రివల్యూషన్స్ పెట్టుకుంటే ఆయన పేపర్ చదువుకుంటూ పక్కనే కూర్చున్నారు. మొదటి రెండు భాగాల కథ నేను భోజనాల దగ్గర చెప్పేశాను, కాబట్టి ఎవరు ఎవరో తెలుసు. ప్రియురాలు ట్రినిటీని వెంటబెట్టుకుని నియో మిషన్ల నగరానికి బయలుదేరినప్పుడు అడిగారు, "ఎందుకమ్మాయ్ అక్కడికి, బాంబు పెట్టడానికా?"

"కాదు నాన్నా, మాట్లాడడానికి."

పేపర్ మడిచి పక్కన పెట్టారు. "మాట్లాడడానికి వాళ్ళెందుకు ఒప్పుకుంటారు? వాళ్ళకేం అవసరం?"

స్మిత్ గురించి చెప్పాను. మిషన్లు తయారు చేసుకున్న ఏజెంటే వాటి చెయ్యి దాటిపోయి, మేట్రిక్స్‌లో కనబడిన ప్రతివాడినీ తనలా మార్చేసుకుంటున్నాడు, వాడిని ఆపడం మిషన్ల వల్ల కావడం లేదు, ఇంకొన్నాళ్ళుంటే వాటి నగరాన్నే మింగేస్తాడు అని. నాన్న వెంటనే అన్న మాట, "అయితే ఇదే అదను. యార్డు నిండింది."

ఈ యార్డు సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. చక్కెర ఫ్యాక్టరీ ఏడాదంతా ఆడదు. చలికాలంలో క్రషింగ్, అంటే చెరకు ఆడడం, మొదలై కొన్ని నెలలు రాత్రీ పగలూ నడుస్తుంది, తర్వాత ఆఫ్ సీజన్. ఆఫ్ సీజన్లో కార్మికులు ఎంత మొత్తుకున్నా మేనేజ్‌మెంట్ పలకదు, మిల్లు ఆగే ఉంది కదా, పోయేదేముంది. అదే సీజన్లో అయితే యార్డులో కాటా దగ్గర నుంచి రోడ్డు మీదిదాకా చెరకు బళ్ళు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. కొట్టిన చెరకు ఆడకుండా ఎండలో ఉంటే దానిలో చక్కెర తగ్గిపోతుంది, టన్ను చెరకుకి వచ్చే చక్కెర, అదే రికవరీ, పడిపోతుంది, గంట గంటకీ నష్టం. అప్పుడు మేనేజ్‌మెంట్ తనంతట తానే కబురు చేస్తుంది. అవతలివాడికి మన అవసరం పడ్డ రోజున వెళ్ళి కూర్చోవాలి, ఒక రోజు ముందు కాదు, ఒక రోజు తర్వాత కాదు అని నాన్న ఎప్పుడూ చెప్పే మాట. నియో చేసింది అక్షరాలా అదే. మొదటి భాగంలోనో రెండో భాగంలోనో వెళ్ళి అడిగి ఉంటే మిషన్లు నలిపి పారేసేవి.

తర్వాత ఆ సీన్. మిషన్ల నగరం మధ్యలో నియో ఒక్కడే నిలబడతాడు, కళ్ళు కాలిపోయి గుడ్డ కట్టుకుని ఉంటాడు, దారిలోనే ట్రినిటీ చనిపోయింది. ఎదురుగా వేల చిన్న మిషన్లు గుంపుగా చేరి ఒక పసిపిల్లవాడి ముఖంలా తయారవుతాయి. స్మిత్‌ని ఆపడం మీ వల్ల కాదు, నా వల్ల అవుతుంది అంటాడు నియో. మాకెవరి అవసరమూ లేదు అని ఆ ముఖం ఇల్లెగిరిపోయేట్టు అరుస్తుంది. "మొదట అందరూ అదే అంటారు, కంగారు పడకూడదు" అన్నారు నాన్న, పాత రోజుల్లో పక్కనున్న కమిటీ మెంబర్‌తో చెప్పినట్టు. నియో కంగారు పడడు. అదే నిజమైతే నన్ను చంపెయ్యండి అంటాడు. కాసేపు ఆగి ఆ ముఖం నీకేం కావాలి అని అడుగుతుంది. శాంతి, అంటాడు. అక్కడ జయాన్‌లో మనుషుల మీద పడబోతున్న మిషన్లు గాలిలో ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

నాన్న రిమోట్ తీసుకుని ఆపేశారు. "ఒక్కటే అడిగాడు చూశావా. చాంతాడంత డిమాండ్ల లిస్టు పట్టుకెళ్తే వాళ్ళు అందులోంచి చిన్నవి ఏరి ఇచ్చి పంపించేస్తారు. ఒక్కటే అడిగితే అవునో కాదో చెప్పి తీరాలి" అన్నారు. నేను ఈ సినిమా గురించి చదివిన రివ్యూల్లో ఎక్కడా ఈ ముక్క లేదు.

మీలో చాలామంది వెక్కిరించే ఘట్టం తర్వాతది. వానలో అంత పెద్ద ఫైటు చేసి చివరికి నియో చేతులు దించేసి, స్మిత్ తనని మింగేయడానికి ఒప్పుకుంటాడు. "హీరో ఓడిపోయాడు" అంటారు. నియో శరీరం అప్పటికి మిషన్ల తీగలకి తగిలించి ఉంది. స్మిత్ ఎప్పుడైతే నియోగా మారాడో అప్పుడు మిషన్లకి వాడి మీద దారి దొరికింది, ఆ దారిన పంపిన దెబ్బకి స్మిత్‌లందరూ పగిలిపోయారు. అంటే ఒప్పందంలో తన వంతు తాను చెల్లించాడు, ప్రాణంతో. ఎందుకింకా లేస్తున్నావ్, ఎందుకింకా పోరాడుతున్నావ్ అని స్మిత్ పదే పదే అడిగితే, అది నా ఇష్టం అంటాడు చూడండి, ఆ మాట మీదే మూడు సినిమాలూ నిలబడి ఉన్నాయి.

చివర్లో మేట్రిక్స్‌ని కట్టిన ప్రోగ్రాం ఆర్కిటెక్ట్, జరగబోయేది చెప్పే ప్రోగ్రాం ఒరాకిల్ పార్కులో కలుస్తారు. ఈ శాంతి ఎన్నాళ్ళుంటుందనుకుంటున్నావ్ అని ఆయన అడిగితే, ఉన్నన్నాళ్ళు ఉంటుంది అంటుంది ఆవిడ. మేట్రిక్స్ నుంచి బయటికి రావాలనుకునేవాళ్ళని వదిలేస్తారా, మాట ఇస్తావా అని ఆవిడ అంటే, నన్ను మనిషిననుకున్నావా అంటాడు. నేను అది తెలుగులో చెప్పగానే నాన్న నవ్వలేదు. ఫ్యాక్టరీలో వాళ్ళ యూనియన్ సెటిల్మెంట్‌లో కాగితం మీద రాసినవన్నీ వచ్చాయట, "తర్వాత చూద్దాం లెండి" అని నోటిమాట మీద వదిలేసినది ఒక్కటి కూడా అందలేదట. "మిషన్ కాబట్టి మాట నిలబెట్టుకుంటుంది" అన్నారు.

ఆ సెటిల్మెంట్ అయిన రాత్రి నాకు గుర్తుంది, అప్పుడు నేను బడికెళ్ళే పిల్లని. గేట్ మీటింగ్ అయ్యాక కొంతమంది మా ఇంటిదాకా వచ్చి అమ్ముడుపోయాడని అరిచారు. అమ్మ లోపల గడియ పెట్టేసింది. వాళ్ళకి కావలసింది మేనేజరు అందరిముందూ తల దించుకోవడం. నాన్న తెచ్చింది సీజనల్ కార్మికులకి ఆఫ్ సీజన్లో రిటెయినింగ్ అలవెన్స్. జీతంలో కొంత భాగం, పెద్ద మొత్తమేం కాదు. కానీ మిల్లు ఆగిన నెలల్లో ఆ అరిచినవాళ్ళ ఇళ్ళలో కిరాణా బాకీలు తీరింది ఆ డబ్బుతోనే. ఆ రాత్రి సంగతి నాన్న ఎప్పుడూ ఎత్తరు, ఆ మధ్యాహ్నం మాత్రం సినిమా అయిపోయాక దాని గురించి చాలాసేపు మాట్లాడారు. అందుకే "చివరికి రాజీ పడిపోయాడు" అన్న మాట ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. జయాన్‌లో ఉన్న పిల్లలకి రేపు అనేది వచ్చింది ఆ రాజీ వల్లే.

ఈ కళ్ళతో మొదటినుంచీ చూడండి, సినిమా అంతా బేరాలే. నియో చిక్కుకుపోయిన రైల్వే స్టేషన్‌లో అతనికి కనబడే రామచంద్ర, కమల, వాళ్ళ పాప సతి ఉన్నారు కదా, మనుషులు కాదు, ప్రోగ్రాములు. ఏ పనికీ పుట్టని పాప కాబట్టి సతిని తుడిచేస్తారు. ఆ పాపని దాటించడానికి తండ్రి, దొంగరవాణా నడిపే మెరోవింజియన్ అనే ప్రోగ్రాంతో ఒప్పందం చేసుకున్నాడు. నియోని విడిపించుకోవడానికి ట్రినిటీ వెళ్ళేదీ ఆ మెరోవింజియన్ దగ్గరికే. వాడు ఒరాకిల్ కళ్ళు తెచ్చిమ్మంటాడు, ఈవిడ తుపాకీ వాడి తలకి ఆనించి తేల్చుకుంటుంది. బేరం కుదరని మనిషి ఒక్క స్మిత్ మాత్రమే, ఎందుకంటే వాడికి అంతా అయిపోవడమే కావాలి, ఇంకేమీ అక్కర్లేదు. అలాంటివాడితో కూర్చుని మాట్లాడలేం. ఎవరితో మాట్లాడాలి, ఎవరితో మాట్లాడి లాభం లేదు అన్నది ఇంత స్పష్టంగా చెప్పిన సైన్స్ ఫిక్షన్ సినిమా నేను ఇంకోటి చూడలేదు.

లోపాలు లేవని అనను. జయాన్ ముట్టడి పొడుగే, అంతసేపు నియో కనబడకపోవడం ఇబ్బందే. ట్రినిటీ చివరి మాటలు మరీ సాగాయి. రెండు సినిమాల్లో ఒరాకిల్‌గా వేసిన గ్లోరియా ఫోస్టర్ 2001లోనే చనిపోవడంతో ఇందులో మేరీ ఆలిస్ వేశారు, ఆవిడ బాగా చేసినా మొదట్లో మనసు కుదురుకోవడానికి టైం పడుతుంది.

చూసేటప్పుడు రెండు విషయాలు గమనించండి. మేట్రిక్స్ లోపల జరిగే సీన్లకి మొదటినుంచీ ఒక ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, చివరి పార్కు సీన్లో అది పోతుంది. గడ్డి గడ్డి రంగులో, ఆకాశం ఆకాశం రంగులో ఉంటాయి. ఆ సూర్యోదయం నియో కోసం సతి చేసింది. రెండోది, చివరి ఫైటులో వెనక కోరస్ పాడేది బృహదారణ్యకోపనిషత్తులోని అసతోమా సద్గమయ. బడి ప్రార్థనలో మనలో చాలామంది చెప్పిందే. వాళ్ళ ఉచ్చారణ వేరు కాబట్టి మొదటిసారి పట్టుకోలేం, తెలిశాక విడిచిపెట్టలేం. చివర టైటిల్స్‌లోనూ ఆ సంగీతం ఇంకోలా వస్తుంది, ఓటీటీలో అయితే అది మొదలవగానే తెరని ఒక మూలకి కుదించి "తర్వాత ఇది చూడండి" అని ఇంకేదో సినిమా పెట్టేస్తారు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటోప్లే ఆపేసుకుని చూడండి.

ఇక 2021లో వచ్చిన నాలుగోది. ఫైట్ల కోసమైతే వద్దు. కానీ ఆ ఒప్పందం వల్ల ఏం ఒరిగిందో తెలియాలంటే తప్పకుండా చూడాలి. మేట్రిక్స్‌కి కరెంటు చాలక మిషన్లు తమలో తాము కొట్టుకున్నాయి, కొన్ని మనుషుల వైపు వచ్చేశాయి, అయో అనే కొత్త ఊళ్ళో మనుషులూ మిషన్లూ కలిసి స్ట్రాబెర్రీలు పండిస్తున్నారు. నియో మిషన్లన్నిటినీ పగలగొట్టి గెలిచి ఉంటే ఆ ఊరు ఉండేదే కాదు.