పెన్సిల్ సెల్స్ కొనేముందు ఛార్జర్ వెనుక చదవండి

ఈమధ్యే గుంటూరు నుంచి చికాగో వచ్చిన ఒక అబ్బాయి, తన కెమెరాలో వేసే నాలుగు పెన్సిల్ సెల్స్ ఇక్కడ ఎక్కడ చవకగా దొరుకుతాయని అడిగారు. చవక సంగతి తర్వాత చూద్దాం బాబూ. 2003లో విజయవాడ నుంచి దిగినప్పుడు నేనూ ఇలాగే చవక కోసం వెతికి చేతులు కాల్చుకున్నవాణ్ణే.

అప్పట్లో డాలరు సుమారు 46 రూపాయలు. తొలి మంచు కురిసిన రోజున, సత్యనారాయణపురంలో ఉన్న అమ్మకు పంపాలని ఫొటోలు తీయబోతే, అప్పుడే ప్యాకెట్టు విప్పిన ఆల్కలైన్ సెల్స్ (ఒకసారి వాడి పారేసే రకం) ఇరవై ఫొటోలకే చచ్చిపోయాయి. ఫ్లాషూ లెన్సు మోటారూ ఒక్కసారిగా లాగే కరెంటును అవి నిలకడగా ఇవ్వలేవనీ, చలిలో మరీ నీరసిస్తాయనీ తెలియక, వాటిని పారేసి ప్యాకెట్టు మీద ప్యాకెట్టు కొన్నాను. ప్రతి ప్యాకెట్టు ధరనూ రూపాయల్లోకి మార్చి డైరీలో రాసుకున్నాను. ఆ మొత్తం మాత్రం మా ఆవిడకు ఈనాటికీ చెప్పలేదు.

తర్వాత మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్‌కు మారాను. వాటిపై 1.2 వోల్టులని ఉంటుంది, 1.5 కాదు కదా అని భయపడనక్కరలేదు, కెమెరా ఒక్కసారిగా లాగే కరెంటుకు అవే తట్టుకుంటాయి. అయితే ఇక్కడా డబ్బు మిగల్చబోయి చవక ఛార్జర్ కొన్నాను. తమ్ముడి పెళ్లికి విజయవాడ వెళ్లి, 120 వోల్టులకు మాత్రమే తయారైన దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే టప్పుమని పేలి, గదంతా కాలిన ప్లాస్టిక్ వాసన నిండింది. జీలకర్ర బెల్లం ఫొటో మా దగ్గర లేదు. బావగారు బీసెంట్ రోడ్డుకు పరుగెత్తి తెచ్చిన సెల్స్ తలంబ్రాలకు అందాయి.

కాబట్టి ఛార్జర్ వెనుక 100-240 వోల్టులని ఉందో లేదో చూసి, ఒక్కొక్క సెల్లునూ విడివిడిగా గమనించి, నిండగానే ఛార్జింగ్ ఆపేదాన్నే కొనండి, ధర ఎక్కువైనా సరే. సెల్స్‌పై ఎంత ఛార్జీ పడుతుందో చెప్పే mAh అంకె ఉంటుంది, అందులో 2700 వంటి పెద్ద అంకెలకు ఆశపడకండి. అవి చాలావరకు సొరుగులో ఊరికే పడి ఉన్నా త్వరగా ఖాళీ అవుతాయి. 2005లో సాన్యో కంపెనీ తెచ్చిన ఎనెలూప్ తరహా సెల్స్ 2000 దగ్గర ఉన్నా, నెలల తరబడి చార్జీ నిలుపుకుంటాయి. నాలుగింటినీ ఒక జట్టుగా ఉంచి, మార్కర్‌తో ఒకే అంకె వేయండి. పాతదీ కొత్తదీ కలిస్తే నీరసమైనది మిగతా మూడింటినీ లాగేస్తుంది.

కెమెరాది లిథియం బ్యాటరీ అయితే, విమానంలో విడిగా తెచ్చుకునేది చేతిసంచిలోనే ఉంచుకోవాలి. మిగతా నిబంధనలు మీ విమాన సంస్థ వెబ్‌సైటులో ఉంటాయి. నా మొదటి మంచి జట్టులో రెండు ఇప్పటికీ మా టీవీ రిమోట్‌లో పనిచేస్తున్నాయి.