మస్టాంగ్ ముందు బంపర్ ఖర్చు: విప్పాకే ఎస్టిమేట్
మీ ఫోర్డ్ మస్టాంగ్ కారు ముందు బంపర్ ఎడమ మూల పగిలి, హెడ్‌ల్యాంప్ కింద సందు వచ్చిందని, బాగుచేయడానికి ఎంతవుతుందని అడిగారు కదా. ఫొటో చూసి చెప్పిన రేటు నమ్మకండి. బంపర్ విప్పించి లోపలి ఫోమ్, బీమ్, రేడియేటర్ సపోర్ట్ చూడమనండి. సందు వచ్చిందంటే చాలాసార్లు సైడ్ బ్రాకెట్టో, హెడ్‌ల్యాంప్‌ను బిగించే చెవో విరిగి ఉంటుంది. హెడ్‌ల్యాంప్ మార్చాల్సి వస్తే లెక్కంతా మారిపోతుంది.

చీలిక ఒక్కటే అయితే ప్లాస్టిక్ వెల్డింగ్ చాలు. క్లిప్పులు పట్టే చోట్లు ఊడితే కొత్తదే మేలు. లోపలివైపు ‘పీపీ’ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) అని అచ్చుంటే అడ్హీషన్ ప్రమోటర్ (రంగు ప్లాస్టిక్‌కు అంటుకునేలా చేసే పూత) కొట్టాకే ప్రైమర్ వేయాలి, లేదంటే పెయింట్ పొరలుగా లేస్తుంది. మెటాలిక్ రంగైతే పక్క ఫెండర్ బ్లెండింగ్ (రంగు తేడా తెలియకుండా పక్క భాగం మీదికీ పెయింట్ కలిపేయడం) కూడా ఎస్టిమేట్‌లో కలపండి.

ఇన్సూరెన్స్‌లో జీరో డెప్ (భాగాల తరుగుదల కోయకుండా చెల్లించే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం మీరే కట్టుకోవాలి. 1500 సీసీ దాటిన కారుకు తప్పనిసరి కోత (క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం) 2,000 రూపాయలు దానికి అదనం.